పిల్లల కోపానికి కాస్త కాగితం, కాస్త మట్టి: క్రియేటివ్ థెరపీ గురించి నాలుగు మాటలు

పిల్లవాడికి జ్వరం వస్తే ఏం చెయ్యాలో మనందరికీ తెలుసు. థర్మామీటర్ పెడతాం, పనడాల్ వేస్తాం, తగ్గకపోతే జీపీ దగ్గరికి తీసుకెళ్తాం. మరి అదే పిల్లవాడికి పట్టరాని కోపం వస్తే? బెంగ పట్టుకుంటే? "ఏడవకు", "అరవకు", "మంచి పిల్లాడివి కదూ" అంటాం. అవేవీ పనిచెయ్యకపోతే చేతికి ఐప్యాడ్ ఇస్తాం! చాలా ఇళ్ళల్లో ఈ నాలుగు మందులతోనే రోజులు గడిచిపోతుంటాయి.

దీనికి ఇంకో దారి కూడా ఉంది. బొమ్మలు వెయ్యడం, మట్టితో ఆడుకోవడం, పాట, నాటకం, కథ... వీటిని ఒక పద్ధతి ప్రకారం వాడి, మనసులో ఉన్నదాన్ని బయటికి తెచ్చుకోవడానికి పిల్లలకి సాయం చేస్తారు. దాన్నే క్రియేటివ్ థెరపీ అంటున్నారు. ఆర్ట్ థెరపీ, మ్యూజిక్ థెరపీ, డ్రామా థెరపీ, ప్లే థెరపీ అన్నీ ఈ కుటుంబంలోవే.

ముందే ఒక మాట చెప్పాలి. నేను డాక్టర్ని కాను, సైకాలజిస్టుని అంతకన్నా కాను. ఇంజనీరింగులో మాస్టర్స్ చెయ్యడానికి ఈ దేశం వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడి, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఇల్లు కట్టుకున్న ఒక మామూలు తండ్రిని. మా అబ్బాయికి ఆరేళ్ళు. వాడి కోసం చదివినవి, ఒక థెరపిస్టు దగ్గర చూసి నేర్చుకున్నవి మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

మన పిల్లలకి బెంగ ఎందుకు?

ఎడ్మండ్‌సన్ పార్క్ కొత్తగా పెరిగిన ఊరు. 2015 ఫిబ్రవరిలో రైల్వే స్టేషన్ తెరిచారు. ఆ తర్వాత పాత పొలాలు, మిలటరీ స్థలాలు ఉన్న చోట వరసగా ఇళ్ళు లేచాయి. మనవాళ్ళూ బాగానే వచ్చి చేరారు. సాయంత్రం పార్కులోకి వెళితే ఉయ్యాల దగ్గర తెలుగు వినపడుతుంది. బాగానే ఉంది కదా! అయితే పిల్లల వైపు నుంచి ఒకసారి చూడండి. అమ్మానాన్న ఇద్దరూ ఉద్యోగస్తులు. పొద్దున్న రైలెక్కితే తిరిగి వచ్చేసరికి చీకటి. బడికి ముందు ఒక కేర్, బడి తర్వాత ఇంకో కేర్. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు. అన్నిటికన్నా ముఖ్యంగా, విమానం దిగి వచ్చే తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు. వాళ్ళు కొన్ని నెలలు ఉంటారు, అన్నం కలిపి పెడతారు, పక్కలో పడుకోబెట్టుకుని కథలు చెబుతారు. తర్వాత ఒక రోజు సూట్‌కేసులు సర్దుకుని వెళ్ళిపోతారు. మనకి అది వీసా మీద ఉన్న తేదీ మాత్రమే. పిల్లవాడికి మాత్రం అది ఉన్నట్టుండి ఖాళీ అయిపోయిన మంచం.

పోయిన సంవత్సరం మా అత్తగారు, మామగారు ఇండియా వెళ్ళిపోయిన వారానికి మా వాడు బిస్కెట్ విరిగిందని అరగంట ఏడ్చాడు. మర్నాడు సాక్స్ కుట్టు గుచ్చుకుందని బూట్లు విసిరేశాడు. బడిలో ఒక పిల్లవాడిని నెట్టాడని టీచరు ఫోన్ చేశారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, తెర మీద కనపడేది ఎర్రర్ మెసేజ్ మాత్రమే, అసలు లోపం వేరే చోట ఉంటుంది. బిస్కెట్ గురించి ఎంత వాదించినా లాభం లేదు. "నీకు అమ్మమ్మ మీద బెంగా?" అని అడిగితే "నో" అని తలుపు వేసుకున్నాడు. వాడు అబద్ధమేమీ ఆడలేదు. తనలో జరుగుతున్నదానికి ఆ పేరు ఉందని ఆరేళ్ళవాడికి తెలియదు, అంతే.

మాట కన్నా ముందు బొమ్మ

దీనికి మెదడులో కారణం ఉంది. భయం, కోపం లాంటివి పుట్టినప్పుడు ప్రమాద ఘంట మోగించే భాగాల్లో అమిగ్డలా ముఖ్యమైనది. అది పసితనం నుంచే పనిచేస్తుంది. "ఆగు, ఆలోచించు" అని కళ్ళెం వేసే ముందు భాగాన్ని ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ అంటారు. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ళ దాకా పడుతుంది. అంటే ఇంజను పెద్దది, బ్రేకులు చిన్నవి అన్నమాట! ఆ సమయంలో "ఎందుకు చేశావు? చెప్పు!" అని నిలదీస్తే జవాబు చెప్పే భాగమే అప్పుడు పనిలో ఉండదు.

పేరు పెట్టడం వల్ల ఉపయోగం ఉందని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. 2007లో యూసీఎల్‌ఏలో మాథ్యూ లీబర్‌మన్ బృందం పెద్దవాళ్ళ మీద చేసిన ప్రయోగంలో, ఎదుటి ముఖంలో కనపడే భావానికి ఒక పేరు పెట్టినప్పుడు అమిగ్డలా స్పందన తగ్గింది. కానీ పిల్లల దగ్గర ఆ పేర్లు ఎన్ని ఉంటాయి? "శాడ్", "యాంగ్రీ", "బోరింగ్". ఈ మూడుతోనే లోకమంతా నెట్టుకొస్తారు. మన తెలుగులో చూడండి... అలక, కినుక, ఉక్రోషం, రోషం, బెంగ, దిగులు, చిరాకు, మారాం. అలకకి బుజ్జగింపు కావాలి. ఉక్రోషానికి కాస్త గౌరవం కావాలి. బెంగకి మనిషి పక్కన కూర్చోవాలి. ఒక్కోదానికి ఒక్కో వైద్యం! ఈ మాటలు పిల్లలకి ఇవ్వడం కూడా తెలుగు నేర్పడంలో భాగమే అని నా అభిప్రాయం.

మాట దొరికేదాకా ఏం చెయ్యాలి? అక్కడే గీత, రంగు, మట్టిముద్ద, బొమ్మ ఉపయోగపడతాయి. లోపల ఉన్నంతసేపు కోపమే పిల్లవాడిని ఆడిస్తుంది. కాగితం మీదకి వచ్చాక దాన్ని చూడొచ్చు, చింపొచ్చు, పక్కన ఇంకో బొమ్మ వెయ్యొచ్చు. అప్పుడు ఆడించేది పిల్లవాడు.

ఇది ఎక్కడ పుట్టింది?

మన సబర్బుకి ఆ పేరు కార్పొరల్ జాన్ ఎడ్మండ్‌సన్ నుంచి వచ్చింది. 1941 ఏప్రిల్‌లో టొబ్రుక్ యుద్ధంలో ప్రాణాలిచ్చిన ఆయన, రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన మొదటి ఆస్ట్రేలియన్. ఆ మరుసటి ఏడే, 1942లో, ఆర్ట్ థెరపీ అనే పేరు పుట్టింది. ఇంగ్లండులో క్షయ వచ్చి శానటోరియంలో ఉన్న ఎడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు, మంచం మీద బొమ్మలు వేసుకుంటుంటే తనకి ఎంత ఊరటగా ఉందో గమనించి, తోటి రోగులకీ ఆ అలవాటు చేశాడు. ఆ పేరు పెట్టింది ఆయనే.

అదే సంవత్సరం చివర్లో ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణిని నాజీలు టెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఆమె అక్కడి పిల్లలకి దొరికిన ప్రతి చిత్తు కాగితం మీదా బొమ్మలు వెయ్యడం నేర్పారు. 1944 అక్టోబరులో ఆమెని ఆష్విట్జ్‌లో చంపేశారు. ఆమె రెండు సూట్‌కేసుల్లో దాచి వెళ్ళిన సుమారు 4,500 బొమ్మలు మాత్రం మిగిలాయి. ఆమె శిష్యురాలు ఈడిత్ క్రేమర్ అమెరికా వెళ్ళి, పిల్లల ఆర్ట్ థెరపీకి పునాది వేసినవాళ్ళలో ఒకరయ్యారు.

ఆటల వైపు నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. లండన్‌లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరు 1920ల చివర్లోనే ఇసుక తొట్టి, చిన్న చిన్న బొమ్మలు పెట్టి, పిల్లలని తమ లోకాన్ని తామే కట్టుకోనిచ్చారు. అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ప్లే థెరపీ మీద పుస్తకం రాశారు. పిల్లవాడే దారి చూపిస్తాడు, పెద్దవాళ్ళు వెనక నడవాలి అన్నది ఆవిడ సిద్ధాంతం.

థెరపీ గదిలో ఏం జరుగుతుంది?

మేము వెళ్ళిన చోట మొదటి సారి తల్లిదండ్రులతోనే మాట్లాడారు. నిద్ర, తిండి, బడి, ఇంట్లో ఈమధ్య వచ్చిన మార్పులు అన్నీ అడిగారు. తర్వాత నుంచి వాడితో ముప్పావు గంట. ప్రతిసారీ అదే గది, అవే వస్తువులు, అదే సమయం. నియమాలు రెండే: ఎవరికీ దెబ్బ తగలకూడదు, గది పాడు చెయ్యకూడదు. మిగతాదంతా వాడి ఇష్టం.

మా వాడు ఇసుక తొట్టిలో ఒక విమానం పెట్టి, తొట్టి అంచు దాకా తీసుకెళ్ళి, ప్రతిసారీ వెనక్కి తిప్పేవాడు. మూడు వారాలు ఇదే ఆట! ఆవిడ "ఇది అమ్మమ్మ విమానమా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. "మళ్ళీ వెనక్కి వచ్చేసింది" అని మాత్రం అనేవారు. నాలుగో వారం వాడే విమానాన్ని అంచు దాటించి, "ల్యాండ్ అయింది, ఇప్పుడు వాళ్ళు కాల్ చేస్తారు" అన్నాడట. దాంతో కోపాలన్నీ మాయమైపోయాయని నేను చెప్పను. కానీ ఆ వారం వాడంతట వాడే "అమ్మమ్మకి ఫోన్ చెయ్యి" అని అడిగాడు. మాకు అదే పెద్ద సంగతి.

డ్రాయింగ్ క్లాసుకీ దీనికీ తేడా

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఇదే గుర్తుపెట్టుకోమంటాను. మన ఇళ్ళల్లో కళలకి కొదవ లేదు. శనివారం డ్రాయింగ్, ఆదివారం కూచిపూడి, మధ్యలో కర్ణాటక సంగీతం, ఉగాదికి పోటీలు, స్టేజీ, కప్పు, ఫేస్‌బుక్‌లో ఫొటో. అవన్నీ మంచివే, నేను కాదనను. కానీ అక్కడ చూసేది ఫలితాన్ని. థెరపీలో చూసేది పిల్లవాడిని. మార్కులు వేసిన మరుక్షణం పిల్లలు తమ మనసులో ఉన్నది మానేసి, మనకి నచ్చేది వేస్తారు. సూర్యుడు, కొండ, గుడిసె, రెండు కొబ్బరిచెట్లు!

కాబట్టి ఇంట్లో పిల్లలు ఇలాంటి బొమ్మ వేసేటప్పుడు:

- దిద్దకండి. చెట్టు ఊదారంగులో ఉంటే ఉండనివ్వండి.
- "సూపర్! వెరీ నైస్!" కూడా తగ్గించండి. మెచ్చుకోలు కూడా ఒక రకంగా మార్కే.
- కనపడింది కనపడినట్టు చెప్పండి. "ఇక్కడ చాలా గట్టిగా గీశావు." "ఈ చిన్న బొమ్మ ఒక్కటే దూరంగా ఉంది." తర్వాత ఆగండి. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు.
- అర్థాలు తియ్యకండి. నలుపు వాడితే డిప్రెషన్ అనుకోవద్దు. చేతికి అందిన క్రేయాన్ నలుపే అయ్యుండొచ్చు!
- అడగకుండా ఎవరికీ చూపించకండి. వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకండి. అది వాళ్ళ డైరీ లాంటిది.

ఇంట్లో చెయ్యదగ్గవి

ఒక చెప్పుల పెట్టె చాలు. అందులో కాగితాలు, క్రేయాన్లు, పాత పేపర్లు, జిగురు, దారం, రెండు పాత సాక్స్ పెట్టండి. మట్టి లేకపోతే గోధుమపిండిలో ఉప్పు, పసుపు, నీళ్ళు కలిపి ముద్ద చెయ్యండి. పిల్లలు బాగా ఉద్రేకంగా ఉన్నప్పుడు ముద్ద పిసకడం, పేపరు చింపడం, పెన్సిలు, క్రేయాన్లు మంచివి. చేతికి కాస్త ఎదురు నిలిచే వస్తువు మనిషిని నిలబెడుతుంది. జారిపోయే నీళ్ళ రంగులు అప్పటికే పొంగిపోతున్న పిల్లవాడిని ఇంకా పొంగించొచ్చు. ముడుచుకుపోయి ఉండే పిల్లలకి మాత్రం అవే సాయం చేస్తాయి.

గీత ఆట: కాగితం మీద మీరు కళ్ళు మూసుకుని ఒక పిచ్చి గీత గియ్యండి. పిల్లవాడు దాన్ని ఏదో ఒక బొమ్మగా మార్చాలి. తర్వాత వాడు గీస్తే మీరు మార్చాలి. ఇంగ్లండులో డొనాల్డ్ విన్నికాట్ అనే పిల్లల డాక్టరు తన దగ్గరికి వచ్చే పిల్లలతో ఆడిన ఆట ఇది. ఖర్చు లేదు, ఓడిపోయేవాళ్ళూ లేరు.

ఒంటి పటం: పెద్ద కాగితం మీద పిల్లవాడిని పడుకోబెట్టి చుట్టూ గీత గియ్యండి. "కోపం వచ్చినప్పుడు ఎక్కడ తెలుస్తుంది? ఏ రంగులో?" అని అడగండి. మా వాడు పిడికిళ్ళు ఎర్రగా, పొట్ట ఆకుపచ్చగా వేశాడు. బడికి వెళ్ళే ముందు వచ్చే పొట్టనొప్పి ఏమిటో మాకు ఆ రోజు అర్థమైంది.

తోలుబొమ్మలాట: నిమ్మలకుంట కళాకారుల తోలుబొమ్మలు చూసే ఉంటారు. నిమ్మలకుంటకి చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. మనకి అంత నేర్పు అక్కర్లేదు. అట్టముక్క, పుల్ల, తెల్ల దుప్పటి, వెనక ఫోన్ టార్చ్ చాలు. "నాకు భయం" అని చెప్పలేని పిల్లవాడు "ఈ ఏనుక్కి భయం" అని ఇట్టే చెబుతాడు. మీరు కూడా ఏనుగుతోనే మాట్లాడండి, పిల్లవాడితో కాదు.

దరువు: గిన్నె మీద గరిటెతో మొదట పిల్లవాడు ఎంత వేగంగా కొడితే అంత వేగంగా మీరూ కొట్టండి. కాసేపయ్యాక మీరు కొంచెం కొంచెంగా నెమ్మదించండి. వాడూ నెమ్మదిస్తాడు. మ్యూజిక్ థెరపీలో ఇది పాత పద్ధతే. మన జోలపాటలు కూడా ఏడుపు పక్కనే మొదలై నిద్ర దగ్గర ఆగుతాయి కదా!

నవరసాల ముఖాలు: అద్దం ముందు నిలబడి కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం అభినయించండి. కూచిపూడి నేర్చుకుంటున్న అక్క ఇంట్లో ఉంటే ఆవిడే గురువు. నవ్వుతూనే ముఖాలు చదవడం వచ్చేస్తుంది.

కోపం కక్కించాలా?

"కోపం వస్తే దిండుని గుద్దు" అని సలహా ఇస్తుంటారు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, తమని కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగుని గుద్దినవాళ్ళకి కోపం తగ్గకపోగా ఎక్కువైంది. జెనిఫర్ డ్రేక్, ఎలెన్ విన్నర్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలని ముందు ఒక బాధ కలిగించిన సంగతి తలుచుకోమని, తర్వాత బొమ్మ వెయ్యమన్నారు. ఆ బాధనే బొమ్మగా వేసినవాళ్ళకన్నా, వేరే ఏదైనా వేసినవాళ్ళ మనసు అప్పటికప్పుడు ఎక్కువ తేలికపడింది.

అంటే ప్రతిసారీ "నీ బాధ గీయి" అని వెంటపడక్కర్లేదన్నమాట. చుక్కలు పెట్టి ముగ్గు వేయించండి. చేతులు లెక్క చూసుకుంటుంటే మనసు సర్దుకుంటుంది. బాధ గురించిన బొమ్మ తర్వాత, తీరిగ్గా, వాళ్ళకి ఇష్టమైతేనే. ఏడుపు తారస్థాయిలో ఉన్నప్పుడు అసలు ఏ బొమ్మా వద్దు. దెబ్బ తగలకుండా చూసుకుని, పక్కన కూర్చోవడమే అప్పటి పని.

ఇదేమీ మంత్రం కాదు. పిల్లల మీద జరిగిన అధ్యయనాల్లో చాలావరకు చిన్నవే. కాబట్టి దీన్ని డాక్టరు సలహాకి తోడుగా చూడాలి గానీ బదులుగా చూడకూడదు.

ఎప్పుడు, ఎవరి దగ్గరికి?

వారాల తరబడి నిద్ర, తిండి సరిగ్గా లేకపోయినా, బడికి వెళ్ళనని మొరాయిస్తున్నా, తననో ఇంకొకరినో గాయపరుచుకుంటున్నా, వచ్చిన మాటలు, పనులు మర్చిపోతున్నా ఇంటి వైద్యం చాలదు. మొదట మీ రెగ్యులర్ జీపీని కలవండి. జీపీ మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ రాస్తే, ఒక క్యాలెండర్ సంవత్సరంలో 10 దాకా సైకాలజిస్టు సెషన్లకి మెడికేర్ నుంచి కొంత డబ్బు తిరిగి వస్తుంది. ప్రభుత్వ బడుల్లో స్కూల్ కౌన్సెలర్ కూడా ఉంటారు.

ఆర్ట్ థెరపిస్టుకి సాధారణంగా మెడికేర్ వర్తించదు. సైకాలజిస్టుల్లాగా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కూడా ఉండదు. అందుకని ఆర్ట్ థెరపీకైతే అంజకాటా అనే వృత్తి సంఘంలో, మ్యూజిక్ థెరపీకైతే ఆస్ట్రేలియన్ మ్యూజిక్ థెరపీ అసోసియేషన్‌లో సభ్యత్వం ఉందో లేదో చూసుకోండి. వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ తప్పకుండా అడగండి. ఎన్‌డీఐఎస్ ప్లాన్ ఉన్న పిల్లల విషయం వేరు. 2024 నవంబరులో ఆర్ట్, మ్యూజిక్ థెరపీల నిధులకి కోత పెడతామన్నప్పుడు పెద్ద ఆందోళనే జరిగింది. దాంతో స్టీఫెన్ డకెట్ చేత సమీక్ష చేయించారు. 2025లో వచ్చిన ఆయన నివేదిక ఈ రెండిటికీ నిధులు కొనసాగాలనే చెప్పింది. మీ ప్లానులో ఏముందో ప్లాన్ మేనేజరుని అడిగి తెలుసుకోండి.

ఈ నంబర్లు ఫ్రిజ్ మీద అంటించుకోండి: కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800 (5 నుంచి 25 ఏళ్ళవారికి), ఎన్‌ఎస్‌డబ్ల్యూ మెంటల్ హెల్త్ లైన్ 1800 011 511, లైఫ్‌లైన్ 13 11 14, అత్యవసరమైతే 000. ఇంగ్లీషులో చెప్పుకోవడం కష్టమైతే 131 450కి ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.

"మనవాళ్ళల్లో తెలిస్తే ఏమనుకుంటారో" అని వెనకాడేవాళ్ళు ఇంకా ఉన్నారు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు మనం అలా అనుకోం కదా! ఈ శనివారం ఒక పావుగంట ఫోన్ పక్కన పెట్టి, పిల్లల పక్కన నేల మీద కూర్చోండి. ఒక పిచ్చి గీత గీసి కాగితం వాళ్ళ ముందుకి జరపండి. అది ఏమవుతుందో వాళ్ళనే చెప్పనివ్వండి.